లీజు కారు, మీగడ రంగు సీట్లు

తిరుపతిలో నాకు ఇత్తడి, స్టీలు సామాన్ల అంగడి ఉంది. కొండ దిగివచ్చే భక్తులు ఊరికి పోయేముందు దీపపు కుందులు, చెంబులు, హారతి పళ్ళేలు కొనుక్కుంటారు. మా అంగట్లో ప్రతి వస్తువు మీదా రెండు ధరలుంటాయి. పైది కొట్టేసిన ధర, కిందది అమ్మే ధర. పై ధర ఇంతవరకూ ఎవరూ ఇచ్చింది లేదు, నేను అడిగిందీ లేదు. కొట్టేయడానికే దాన్ని రాస్తాను. ఆ అడ్డగీత చూడగానే కొనేవాళ్ళ ముఖంలో వచ్చే వెలుగును ఇన్నేళ్ళుగా చూస్తూ, లోపల్లోపల నవ్వుకుంటూ బతికినవాణ్ణి.

అట్లాంటి నా ముందు ఒకరోజు లీజు కంపెనీ మనిషి వచ్చి కూర్చున్నాడు. చేతిలోని పలకలాంటి ఫోనులో ఒక పెద్ద కరెంటు కారు బొమ్మ చూపించాడు. కింద కొట్టేసిన నెలసరి అద్దె, దాని కింద కొత్త అద్దె. ఆ గీత చూడగానే నా ముఖంలోనూ అదే వెలుగు వచ్చిందట. పక్క అంగట్లో దేవుడి పటాలు అమ్మే మిత్రుడు తరవాత చెప్పాడు.

కంపెనీ మనిషి చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే అతని గొప్పదనం. "ఇట్లాంటి కారు కొంటే షోరూం గడప దాటగానే ధర పడిపోతుంది సార్. కరెంటు కార్లకయితే మరీ ఘోరం. నాలుగేళ్ళ తరవాత ఆ బ్యాటరీ ఎట్లా ఉంటుందో ఎవరికీ తెలీదు. ఆ భయమంతా మాది. సర్వీసు మాది, ఇన్సూరెన్సు మాది. మీరు దర్జాగా నడుపుకోండి, గడువు తీరగానే తాళంచెవి మా చేతిలో పెట్టండి. పోయినేడాది మోడలు నిలిచిపోయింది గనక ఈ తగ్గింపు."

తరవాత గొంతు తగ్గించి మిగతాది చెప్పాడు. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే నడపాలి, దాటితే ప్రతి కిలోమీటరుకూ విడిగా కట్టాలి. తిరిగి ఇచ్చేటప్పుడు మామూలు అరుగుదల ఉంటే పరవాలేదు గానీ గీతలు, మరకలు ఉంటే అది మన ఖర్చు. తగ్గింపు అంత ఎక్కువ ఎందుకంటే కిలోమీటర్లు అంత తక్కువ. ఇంకో కారణం కూడా ఉంది. ఆ కారు సీట్లు మీగడ రంగువి. మా ప్రాంతపు ఎర్రమట్టిలో మీగడ రంగు సీట్లున్న కారును బుద్ధి ఉన్నవాడెవడూ తీసుకోడు. అందుకే అది నిలిచిపోయింది. అందుకే నాకు దొరికింది.

"బాడుగ ఇంట్లో ఉండేవాళ్ళను సూసినాం గానీ, బాడుగ కారు ఎక్కి మీసం తిప్పేవాణ్ణి ఇప్పుడే సూస్తా ఉండా," అన్నాడు పటాల మిత్రుడు.

"బాడుగ అనొద్దబ్బా. లీజు."

"ఏం తేడా ఉండాది?"

"బాడుగ అంటే నెలనెలా కట్టేది."

"మరి లీజంటే?"

నేను కొంచెం ఆలోచించాను. "అదీ నెలనెలా కట్టేదే. కానీ దానికి సంతకాలు ఎక్కువ."

లెక్క కుదిరింది కాబట్టి తీసుకున్నానని అందరికీ చెప్పాను. అసలు సంగతి అది కాదు. ముందు తీసుకోవాలని అనుకున్నాను, తరవాత లెక్క కుదుర్చుకున్నాను. చిత్తూరులో నా బావమరిది ఒక పెద్ద డీజిలు కారులో తిరుగుతాడు. కల్యాణమంటపం ముందు అతను దిగుతుంటే కుర్చీల్లో ఉన్నవాళ్ళు లేచి నిలబడతారు. నేను నా చిన్న ఎర్రకారులో దిగితే, వంటసామాను వచ్చిందనుకుని మంటపం మేనేజరు వెనక గేటు చూపించాడు ఒకసారి. తప్పు అతనిది కాదు, నిజంగానే డిక్కీలో గుండిగలున్నాయి. ఆ కారులో గుండిగలే కాదు, మా అక్క తోటలో మామిడికాయలు, వేరుసెనగ మూటలు, ఒకసారి ఈనబోయే మేక కూడా ప్రయాణం చేశాయి. ఆ కారును ఒక పాలవ్యాపారికి అమ్మేసి, ఆ స్థానంలో మీగడ రంగు సీట్లను తెచ్చి పెట్టాను.

కొత్త బండికి అలిపిరిలో పూజ చేయించకుండా మా ఊళ్ళో ఎవరూ రోడ్డెక్కరు. నేనూ తీసుకుపోయాను. ముందురోజే కంపెనీ మనిషికి ఫోను చేసి పసుపు కుంకాల సంగతి అడిగాను. రంగు మీద మరక పడితే బాధ్యత మీదే సార్ అన్నాడు. అందుకని బానెట్టు మీద ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు పరిచి, అంచులకు టేపు వేసి తీసుకుపోయాను.

పూజారి గంధం గిన్నె పట్టుకుని ఆగిపోయాడు. "ఇదేంది సామీ?"

"దాని మీదనే పెట్టండి సామీ. దేవుడికి తెలుస్తాదిలే."

ఆయన నావైపు ఒకసారి, కొండవైపు ఒకసారి చూసి, కవరు మీదే స్వస్తిక్ వేశాడు. తరవాత సంకల్పం మొదలుపెట్టాడు. "బండి ఎవరి పేరిట ఉండాది?"

నేను గొంతు సవరించుకునేలోపు మా ఆవిడ చెప్పేసింది. "లీజు కంపెనీ పేరిట సామీ."

"కంపెనీ వాళ్ళ గోత్రం?"

"నా గోత్రమే చెప్పండి," అన్నాను.

"కంపెనీని దత్తత తీసుకున్నారా?" అంది మా ఆవిడ, పూజారికి వినబడేలా.

నాలుగు నిమ్మకాయలూ టైర్ల కింద నలిగాయి. ఇంటికి వచ్చాక కవరును జాగ్రత్తగా ఊడదీసి, మడిచి, డిక్కీలో దాచాను. దేవుడి దీవెనను మడిచి దాచుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

అప్పట్నుంచి నా జీవితం కిలోమీటర్ల మీద నడిచింది. కారు ఉన్నది నడపడానికి కాదు, మిగల్చడానికి అన్నట్టు తయారయ్యాను. అంగడికి మా ఆవిడ స్కూటర్ మీద పోయేవాణ్ణి. కూరగాయలకు నడిచి పోయేవాణ్ణి. ఆవిడ శ్రీకాళహస్తి పోదామంటే, "బస్సులు బాగా ఉన్నాయి," అనేవాణ్ణి. కారు మాత్రం ఇంటి ముందు గుడ్డ కప్పుకుని ఉండేది. ఆదివారం గుడ్డ తీసి, తుడిచి, మళ్ళీ కప్పేవాణ్ణి. వీధిలోవాళ్ళు వచ్చి అడిగేవాళ్ళు, లాభమేనా అని. వాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి, పడిపోయే ధర గురించి, బ్యాటరీ గురించి, కంపెనీవాళ్ళ అమాయకత్వం గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. కంపెనీని మోసం చేసినవాడిలా నవ్వేవాణ్ణి.

ఇట్లా ఉండగా మా అక్క చెయ్యి విరిగింది.

అక్కది బంగారుపాళ్యం దగ్గర పల్లె. బావ పోయాక ఒక్కతే ఉంటుంది. పిల్లలు లేరు. కొంచెం మామిడి తోట, రెండు పాడి ఆవులు. తోట ఏడాదికి ఒకసారి డబ్బు చూపిస్తుంది, ఆవులు రోజూ అన్నం పెడతాయి. పొద్దున, సాయంత్రం తనే పాలు పిండి డెయిరీకి పోస్తుంది. కొట్టంలో తడి మీద జారి కుడి జబ్బ ఎముక విరిగింది. పల్లెవాళ్ళు ఆమెను టెంపోలో ఎక్కించి నేరుగా పుత్తూరుకు తీసుకుపోయారు. మా జిల్లాలో ఎముక విరిగితే చాలామంది ముందు తలుచుకునేది పుత్తూరు కట్టునే. ఆకు పసరు, కోడిగుడ్డు సొన పట్టించి, గుడ్డపేలికలు చుట్టి, వెదురు బద్దలు పెట్టి కడతారు. చెప్పిన రోజుకు మళ్ళీ పోయి కట్టు మార్పించుకోవాలి. అన్ని కట్లూ అయ్యేదాకా అక్క మా ఇంట్లో ఉండేటట్టు, నేను కారులో తిప్పేటట్టు మాట అయింది. మాట ఇచ్చింది నేనే. పెద్ద కారు ఉన్నవాడు ఇంకేమంటాడు?

తీసుకురావడానికి పుత్తూరు పోయాను. అక్క చెట్టు కింద కూర్చుని ఉంది. చెయ్యి మెడకు వేలాడగట్టి ఉంది. కట్టు ఇంకా పచ్చిగానే ఉంది, అంచున ఆకుపచ్చటి చుక్కలు ఊరుతున్నాయి. అక్క ముఖం కంటే ముందు ఆ చుక్కలనే చూశాను.

"ఒక్క నిమిషం అక్కా," అని డిక్కీ తెరిచి పూజ చేసిన కవరు తీసి సీటు మీద పరిచాను.

అక్క వంగి చూసింది. "ఒరే, దేవుడి బొట్టు మీద కూచోమంటావా నన్ను?"

కవరు తిరగేసి పరిచాను. ఆమె ఎండలో నిలబడే ఉంది.

దారిలో రెండుసార్లు చెప్పాను. "చెయ్యి ఒళ్ళోనే పెట్టుకో అక్కా."

"ఒళ్ళోనే ఉండాది గదరా. యాడికి పోతాది?"

రేణిగుంట ముందు స్పీడుబ్రేకరు దగ్గర కారు ఎగిరింది. అక్క మూలిగింది. ఒక చుక్క కవరు దాటి సీటు అంచు మీద పడింది. నేను కారు పక్కకు ఆపి, ఆమెను దిగమని, తడి కాగితాలతో తుడవడం మొదలుపెట్టాను. ఎంతసేపు తుడిచానో గుర్తు లేదు. లేత పచ్చగా ఒక వక్కంత మచ్చ మిగిలింది. నొప్పిగా ఉందా అని నేను అడగలేదు. మరక పోతుందా అని ఆమే అడిగింది.

రెండో కట్టు మార్చాల్సిన రోజే చిత్తూరులో నా బావమరిది కూతురి పెళ్ళి రిసెప్షను పడింది. మా ఆవిడ ముందే పుట్టింటికి పోయింది, పోతూ పోతూ, "పొద్దున వదినను పుత్తూరు తీసుకుపోయి, ఇంట్లో దించి, సాయంత్రం రండి," అని చెప్పింది. నేను తల ఊపాను. కారుకు రాత్రంతా ఛార్జింగు పెట్టాను. తెల్లారేసరికి వైరు దగ్గర పచ్చ దీపం వెలుగుతోంది. అక్క స్నానం చేసి, ఒంటి చేత్తో చీర కుచ్చిళ్ళు ఎట్లాగో సర్దుకుని, వరండాలో కూర్చుని ఉంది.

లోపల నేను లెక్క వేసుకున్నాను. పుత్తూరు పోయి రావడం, చిత్తూరు పోయి రావడం, ఏడాదికి మిగిలిన కిలోమీటర్లు. పుత్తూరులో కొత్త కట్టు, అంటే కొత్త పసరు. అదే సీటులో సాయంత్రం నా బావమరిది వచ్చి కూర్చుని చూస్తాడు. బయటికి వచ్చి చెప్పాను.

"ఛార్జింగు సరిగ్గా ఎక్కలేదక్కా. ఏదో ఇబ్బందయింది."

అక్క వైరు వైపు చూసింది.

"అయినా బస్సు ఆడవాళ్ళకు ఊరికే గదా," అన్నాను. ఊరికే వస్తున్నదాన్ని వదులుకోవడం పొరపాటన్నట్టు, ఆమె మేలు కోరినట్టు అన్నాను.

"అవునురా. ఊరికే," అంది.

స్కూటర్ మీద బస్టాండుకు తీసుకుపోయాను. పుత్తూరు బస్సు నిండా జనం. సీటు లేదు. తరవాత బస్సు చూద్దామని అనగలిగేవాణ్ణే, కానీ అంగడి తెరవాలి, సాయంత్రానికి కారు తుడవాలి. నీళ్ళ సీసా కొని సంచిలో పెట్టాను. ఆ సంచిని ఆమె ఎడమ చేతికి తగిలించాను. అంటే పట్టుకోవడానికి ఆమెకు ఉన్న ఒక్క చేతిని కూడా నేనే నింపేశాను. కండక్టరుతో, "చెయ్యి బాగాలేదు, కొంచెం చూసుకో అప్పా," అని చెప్పి, బాధ్యత తీరినవాడిలా చెయ్యి ఊపాను.

సాయంత్రం చిత్తూరు మంటపం ముందు కారు ఆపాను. నేననుకున్నట్టే జనం లేచి నిలబడ్డారు. నా బావమరిది తలుపు తెరిచి సీటు మీద చెయ్యి వేసి నిమిరాడు.

"ఏం బావా, నిజంగా లాభమేనా ఇది?"

"కొన్నవాడు నష్టపోతాడు. లీజు తీసుకున్నవాడు తెలివిగలవాడు," అని మొదలుపెట్టాను. చుట్టూ పదిమంది చేరారు. పడిపోయే ధర గురించి చెప్పాను. బరువు ఇంకొకరి నెత్తిన పెట్టి మనం సుఖంగా తిరగడమే ఇందులో కిటుకని చెప్పాను. అందరూ తలలు ఊపారు. మా ఆవిడ వచ్చి, "వదినకు కట్టు మార్చినారా?" అని అడిగింది. "అయిపోయింది," అన్నాను. పొద్దుట్నుంచి అక్కకు ఫోను కూడా చేయలేదు నేను.

మరునాడు ఇంటికి వస్తే అక్క ఎడమ చేత్తో కాఫీ కలిపి ఇచ్చింది. "బాగానే కట్టినారు," అంది. తరవాతి కట్లకు అక్క మా ఆవిడను తోడు తీసుకుని బస్సులోనే పోయి వచ్చింది. కారులో పోదామని అక్క అడగలేదు, నేనూ అనలేదు. ఇద్దరికీ వీలుగా ఉన్నట్టే అనిపించింది నాకు.

కట్టు పూర్తిగా విప్పిన తరవాత ఒక పొద్దున మా ఆవిడ అక్క తలకు నూనె పెట్టి, "ఇంక మీరే ముడి వేసుకోండి వదినా, చెయ్యి ఆడించాలంట గదా," అంది. అక్క కుడి చెయ్యి ఎత్తింది. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి ఎత్తింది. అక్కడే ఆగింది.

"ఏమయింది వదినా? అందరికీ ఈపాటికి వచ్చేస్తాదన్నారే?"

అప్పుడు అసలు సంగతి బయటికి వచ్చింది. ఆ రోజు బస్సులో నిలబడి పోతుంటే డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడట. సంచి ఉన్న చేత్తో కడ్డీ పట్టుకోలేక, ఏమీ ఆలోచించకుండా కుడి చేత్తోనే పట్టుకోబోయిందట. అంతలో వెనకున్నాయన వచ్చి మీద పడితే కట్టు లోపల ఏదో కలుక్కుమందట. కట్టేవాళ్ళు చూసి, ఎముక మళ్ళీ కదిలిందమ్మా, అతికినా చెయ్యి పూర్తిగా లేస్తుందని చెప్పలేమన్నారట. ఇదంతా అక్క నవ్వుతూ, ఎవరికో జరిగినట్టు చెప్పింది. "నా మీద పడినాయన పాపం భయపడిపోయినాడు. పెద్దాయన. నేనే ఆయనకు ధైర్యం చెప్పాల్సొచ్చింది."

మా ఆవిడ దువ్వెన కింద పెట్టి నావైపు తిరిగింది. "వదిన బస్సులో పోయిందా ఆ రోజు?"

"ఛార్జింగు ఎక్కలేదు," అన్నాను.

"మరి సాయంత్రం చిత్తూరుకు కారు నెట్టుకుంటా వచ్చినారా?"

ఆవిడ తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి. కానీ అక్క మధ్యలో వచ్చింది. "పోనీలే అమ్మా. బాడుగ బండి గదా. ఏమన్నా అయితే వాణ్ణి అడుగుతారని భయం."

ఆమె నన్ను వెనకేసుకొచ్చింది. నేను రోజూ అరుగు మీద కూర్చుని గొప్పగా చెప్పే లాభమంతా ఆ ఒక్క మాటలో భయంగా తేలింది. అది నిజం. ఇంకొకరి వస్తువుకు కాపలా కాస్తూ, దానికి నేనే డబ్బు కడుతున్నాను. మా ఎర్రకారే ఉండి ఉంటే పసరు కారినా, గుడ్డు సొన కారినా తలుపు తెరిచి, కూర్చో అక్కా అని ఉండేవాణ్ణి. అంతకుముందు నేను మంచివాణ్ణని కాదు. మంచివాడిగా ఉండడానికి ఆ కారులో ఖర్చేమీ లేదు, అంతే. ఖర్చు ఎదురైన మొదటిరోజే నేనేమిటో తేలిపోయింది.

చెయ్యి లేవడానికి పుత్తూరులోనే నూనె మర్దన చేయించుకోమన్నారు. ఆ వారమే కారు మీద గుడ్డ తీసేసి, ముందు తలుపు తెరిచి పెట్టాను. "రా అక్కా, నూనె మర్దనకు కారులో పోదాం. కవరూ లేదు, ఏమీ లేదు."

అక్క సీటు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "వద్దురా. నీ మీద కోపం గాదు. ఆ సీట్లో కూచుంటే ఒళ్ళంతా బిగుసుకుంటాది నాకు. వాళ్ళేమో జబ్బ వదులుగా పెట్టుకోమన్నారు."

లీజు కంపెనీ మనిషికి ఫోను చేశాను, కారు తిరిగి తీసుకోమని.

"గడువుకు ముందు ఇస్తే తగ్గింపు వర్తించదు సార్. కొట్టేసిన అద్దె ప్రకారం మొత్తం లెక్క కట్టాల్సి ఉంటుంది," అన్నాడు మర్యాదగా.

కొట్టేసిన ధరను నిజంగా వసూలు చేసేవాళ్ళు కూడా ఉంటారని నాకు అప్పుడు తెలిసింది. ఆ విషయంలో అతను నాకంటే నిజాయితీపరుడు.

కాబట్టి కారు ఇంటి ముందే ఉంది. ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, తీసుకోవచ్చా అని. తీసుకోవచ్చనే చెబుతాను. లెక్కలో తప్పు లేదు. తక్కువ తిరిగేవాళ్ళు, మట్టి తొక్కనివాళ్ళు, ఇంట్లో ఎవరికీ జబ్బు చేయదని నమ్మకం ఉన్నవాళ్ళు, చుట్టాలను దూరంగా ఉంచగలిగినవాళ్ళు అయితే ఇంతకంటే మంచి బేరం లేదు. అట్లాంటివాడు మీరు కాకపోయినా దిగులు పడొద్దు, కారే మిమ్మల్ని అట్లా తయారు చేస్తుందని కూడా చెబుతాను. వాళ్ళు నవ్వి, నెలకు ఎంత పడుతుందని అడుగుతారు.

మర్దనకు అక్కతో నేనూ బస్సులోనే పోతున్నాను. ఆమెకు టికెట్టు లేదు, నాకు ఉంది. సీటు ఉన్న బస్సు వచ్చేదాకా ఆమెను ఎక్కనివ్వను. సంచి నా భుజానికి ఉంటుంది. ఆడవాళ్ళ సీట్ల పక్కన అడ్డంగా నిలబడతానని ఒకామె ఒకరోజు విసుక్కుంది. "ఏమన్నా, గోడ మాదిరి నిలబడినావు. గాలి రానీ."

"మా తమ్ముడులే అమ్మా," అంది అక్క. "ఈ మధ్యనే నిలబడేది నేర్చుకున్నాడు."

బస్సు సగం నవ్వింది. నేనూ నవ్వాను.

పోయినసారి పుత్తూరులో మర్దన చేసే ఆయన అక్కను గోడకు ఆనించి చెయ్యి ఎత్తమన్నాడు. భుజం దాటింది. మెల్లగా చెవి దాకా వచ్చింది. "ఇంకొంచెం అమ్మా," అన్నాడాయన. ఎదురుగా నిలబడిన నా కుడి చెయ్యి దానంతటదే పైకి లేచిపోయింది, నేను ఎత్తితే ఆమెది లేస్తుందన్నట్టు. అక్క చూసి, "నీదెందుకురా ఎత్తతావు, దించు," అంది. దించాను. ఆమెది చెవి దగ్గరే వణుకుతూ నిలిచింది. ఇది చాలామటుకు ఇంతేనమ్మా, ఇంతకంటే లేస్తే మీ అదృష్టం అని ఆయన మెల్లగా చెప్పాడు. పాలు పిండొచ్చా అని అడిగింది అక్క. ఒంగి కూర్చుని అంతసేపు రెండు చేతులతో పిండితే జబ్బ ఓర్చుకోదు, కొంచెం కొంచెంగా చూసుకోండి అన్నాడు.

తిరుగు బస్సులో ఆమెకు కిటికీ సీటు దొరికింది. నారాయణవనం మలుపు దాటాక ఫోను తీసి, ఆవులను చూసుకుంటున్న పక్కింటామెకు చేసింది. ఆవులను బేరం అడిగినాయన ఇంకా ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడని చెప్పినట్టుంది.

"అయితే నల్లదాన్ని తోలుకుపొమ్మను. అది తంతాది, ఒంటి చేత్తో పట్టలేను. ఎర్రదాన్ని ఉంచు. అది నిదానంగా నిలబడతాది. ఒక్కటి సాలులే నాకు," అంది.

ఫోను సంచిలో పెట్టమని నా చేతికి ఇచ్చింది. నేను పెట్టాను. నల్లావు ఎక్కువ పాలిచ్చేది.